అమానతు ఎవరి చేతిలో?

వాటా పత్రములు కాగితములై యున్న కాలమున నకిలీ పత్రములు, దొంగ సంతకములు మదుపరులను పీడించినవి. 1996 నాటి డిపాజిటరీల చట్టముతో వాటాలు ఖాతాలో అంకెలైనవి. ఆ యేడే ఎన్.ఎస్.డి.ఎల్., 1999లో సి.డి.ఎస్.ఎల్. వెలసినవి, రెండింటిపైనను సెబీ నియంత్రణ కలదు.

కంపెనీ రిజిస్టరులో డిపాజిటరీ పేరున్నను, లాభాంశము, ఓటుహక్కు మదుపరివే. మన యిండ్లలో అమానతు అనుట దీనినే గదా! ఆ అమానతును మన హైదరాబాదుననే కార్వీ సంస్థ, ఖాతాదారులిచ్చిన అధికారపత్రమును అడ్డుపెట్టుకొని, తన అప్పులకు తాకట్టు పెట్టినదని 2019లో సెబీ బయటపెట్టినది. 80,000 మందికి పైగా ఖాతాదారులకు ఆ డిసెంబరులో వాటాలు తిరిగి చేరినవి.

వాటాలు కదలినది డిపాజిటరీ పుస్తకములలోనే. అయినను తాకట్టుకు ముందు యజమాని సమ్మతిని డిపాజిటరీయే నేరుగా అడుగు ఏర్పాటు 2020లో గాని రాలేదు. ఈ జాప్యము మాకు సమర్థనీయముగా తోచదు.