పుట చివర తెగిన కవిత: పరిష్కర్తల బాధ్యత

వచనకవితలో ఖాళీ పంక్తి అలంకారం కాదు, పాఠంలో భాగం. పద్యంలో ఛందోనియమాలు చేసే పనిని ఇక్కడ చాలావరకు పాదవిభజన, భాగాల మధ్య విడుపు చేస్తాయి. అక్షరం జారితే పాఠదోషమని గుర్తించే పరిష్కర్తలు పుట చివర విడుపు మాయమైతే పట్టించుకోరు. ఈ ఉదాసీనత సమర్థనీయం కాదు.

కవిత మరుసటి పుటకు సాగినప్పుడు చిక్కు మొదలవుతుంది. పుట అడుగున ఉన్న పాదంతో ఒక భాగం ముగిసిందా, అదే భాగం తరువాతి పుటలో కొనసాగుతున్నదా? అచ్చులో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. వృత్తానికీ కందానికీ ఈ చిక్కు లేదు. నాలుగు పాదాల నియమమే హద్దు చెబుతుంది. సీసం మధ్యలో పుట మారినా ఎత్తుగీతి ఎక్కడ రావాలో పాఠకుడికి తెలుసు. పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’ (1939) వంటి రచనలతో ఛందోబంధాలను కాదన్న కవిత్వానికి ఆ రక్షణ లేదు.

ఈ నష్టం పునర్ముద్రణలో స్థిరపడుతుంది. పుస్తకం కొలతో అక్షరాల పరిమాణమో మారితే పాత పుట చివరి పాదం కొత్త పుట మధ్యకు వస్తుంది. అక్కడ ఖాళీ వదలాలా వద్దా అన్నది అక్షరాలు కూర్చేవారి ఊహకు మిగులుతుంది. రాతప్రతి గాని, పత్రికలో వచ్చిన తొలి పాఠం గాని దొరకనప్పుడు ఆ ఊహే కవి పాఠంగా చలామణి అవుతుంది. శైలీవిమర్శ దానిపైనే నిలబడుతుంది.

అర్థాన్నిబట్టి తెలుస్తుందన్న వాదం నిలవదు. వాక్యం మధ్యలో భాగాన్ని విరవడం, వాక్యం ముగిసినా విరవకపోవడం వచనకవి చేసుకునే ఎంపికలే. గుర్తులు పుట అందాన్ని చెరుపుతాయన్న అభ్యంతరమూ బలహీనమే. ఐరోపా ముద్రాపకులు 18వ శతాబ్దిలోనూ పుటల వరుస తప్పకుండా, తరువాతి పుట తొలి పదాన్ని ముందు పుట అడుగున వేసేవారు. మన వారపత్రికలు ధారావాహికల చివర ‘సశేషం’ అని వేశాయి. నవలకు దక్కిన జాగ్రత్త కవితకు దక్కకపోవడమే వింత. పుటపై గుర్తు వద్దనుకుంటే లైబ్రరీ ఆఫ్ అమెరికా మార్గం ఉంది: ఆ సంస్థ కవితా సంపుటాలలో, ఏయే పుటల అడుగున భాగం ముగుస్తుందో పుస్తకం చివర జాబితాగా ఇస్తుంది, నియత నిర్మాణం వల్ల తెలిసిపోయేవాటిని విడిచిపెడుతుంది.

తెలుగు కవుల సమగ్ర సంపుటాలలో ఇటువంటి జాబితాకు ఒకటి రెండు పుటలు చాలు. అది లేని సంపుటాన్ని ప్రామాణిక ప్రతి అనడం ఇకనైనా మానాలి.