సగటు గీత మరుగున మండలాలు

ఉమ్మడి ప్రకాశం జిల్లా భూగర్భ జలమట్టాన్ని డ్యాష్‌బోర్డులో ఒకే సగటు గీతగా చూపే పద్ధతిని విడనాడాలి. తీరప్రాంతపు ఇసుక నేలలలో నీరు పైపైనే లభిస్తుంది. నల్లమల, వెలిగొండల చేరువనున్న గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలలో శిలల పగుళ్లలో వెదకవలసి వస్తుంది. ఈ రెండింటి సగటు ఏ రైతు బోరుకూ వర్తించదు. తెరపై మొదట మండలాల పటం ఉండాలి. జిల్లా సగటు, తప్పదనుకుంటే, అట్టడుగున ఉండవచ్చు.

పీజోమీటరు తెలిపేది నేలమట్టం నుండి నీటి లోతు. సాధారణ చార్టులో అంకె పెరిగితే గీత పైకి లేస్తుంది. నీరు అడుగంటుతున్నా జలమట్టం పెరిగినట్లే చూపరికి తోస్తుంది. కనుక నిలువు అక్షాన్ని తలక్రిందులు చేసి, సున్నాను పైన నిలపాలి. ఆ పైన, అవే నెలల వరుసలో, వర్షపాతపు కడ్డీలను అమర్చితే వాన కురిసిన ఎన్నాళ్లకు నీరు ఊరినదో కంటికి తెలుస్తుంది.

అన్ని మండలాలకూ ఒకే కొలమానం వాడాలి. సాఫ్ట్‌వేరు ఒక్కో చార్టుకు ఒక్కో కొలమానం ఎంచుకొంటే 2 మీటర్ల తరుగూ 20 మీటర్ల తరుగూ ఒకే వాలుగా కనబడతాయి. కొత్త బోరు వేయాలా, ఆరుతడి పైరుతో సరిపెట్టుకోవాలా అని గిద్దలూరు రైతు అడిగినపుడు విస్తరణ శాస్త్రవేత్త చూడవలసినది ఆ వాలునే.