ఆట ఒక సాకు

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన కాలిబంతి కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. ఆడేది గంటే అయినా, ఆగి ఆగి సాగి మూడు గంటలు దాటుతుంది.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో కలిసి చదువుకున్న మా నలుగురికీ అదే కలుసుకునే చోటు. ఆన్ ఆర్బర్‌లోని ఆ స్టేడియం 1927లో తెరిచారు. లక్షా ఏడు వేల మందికి పైగా పడతారు. ఏటా శరత్కాలంలో ఒక శనివారం ఆటను పూర్వవిద్యార్థుల కోసమని ‘హోమ్‌కమింగ్’ అంటారు. తేదీ ముందే చెబుతారు. పొద్దున్నే కార్లు చేరతాయి. డిక్కీలు తెరిచి, పొయ్యిలు వెలిగించి, వచ్చినవాళ్లందరికీ పెడతారు. మావాళ్ల డిక్కీలో పులిహోర కూడా ఉంటుంది. అచ్చం మన తిరునాళ్లే!

బెంగుళూరు నుంచి నేను వెళ్లగలిగింది మూడుసార్లే. మూడోసారికి మాలో ఒకడు లేడు. అతని కొడుకు వచ్చి, “నాన్న కారు ఎక్కడ నిలిపేవారు అంకుల్?” అని అడిగాడు. చూపించాం. తన కారు అక్కడే నిలిపాడు. ఆ రోజు ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు.

‘తీరిక దొరికినప్పుడు కలుద్దాం’ అనుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. తేదీ ఉంటే కలుస్తాం. మన పెద్దలు తిరునాళ్లకు తిథి పెట్టింది అందుకేనేమో. సొంత ఊళ్లకు దూరంగా ఉన్న మనకు సంఘం జరిపే ఉగాది అలాంటిదే. పాటలు బాగున్నా లేకున్నా రండి. పిల్లల్నీ తీసుకురండి.