ఆ తొంభై సెకన్ల కోసమే!

నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో ఏ తలుపు తట్టినా ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కనిపిస్తారు. అలాంటి ఇంట్లో ఇంటర్ పాసైన అమ్మాయి 'ఎయిర్‌హోస్టెస్‌నవుతా' అందనుకోండి... అమ్మకి బెంగ, నాన్నకి కోపం. బామ్మకైతే ఒకటే సందేహం: 'ట్రేలు అందించడానికి శిక్షణెందుకే?'

ఆమె తప్పేం లేదు. విమానంలో మనకు కనిపించేది ట్రేలూ, చిరునవ్వులే. శిక్షణలో అసలు పాఠాలు వేరే ఉంటాయి. పొగ కమ్మేసిన గదిలో దారి వెతుక్కోవాలి. మంటలు ఆర్పాలి. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేయాలి. అంటుకున్న సెల్‌ఫోన్ బ్యాటరీని అదుపు చేయాలి. విమానం నీళ్లలో దిగితే ఏం చేయాలో కూడా సాధన చేయాలి. పాసైతేనే విధుల్లోకి. ఆ తర్వాత కూడా ఏటా మళ్లీ పరీక్షలే!

ఇంతెందుకంటారా? సగం తలుపులు పనిచేయకపోయినా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపిస్తేనే పెద్ద ప్రయాణికుల విమానానికి అనుమతి. మన దేశంలో ప్రతి 50 సీట్లకూ ఒక క్యాబిన్ క్రూ ఉండాలి. అంటే 180 సీట్ల ఎయిర్‌బస్‌లో నలుగురు. ఎత్తు నిబంధనా అందం కోసం కాదు. మునివేళ్లపై నిలబడి 212 సెంటీమీటర్ల ఎత్తు అందుకోవాలంటుంది ఎమిరేట్స్. పై అరల్లోని అత్యవసర సామగ్రి చేతికి అందాలిగా!

2024 జనవరి 2న టోక్యోలోని హనేడా రన్‌వేపై జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం మరో విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. అనౌన్స్‌మెంట్ వ్యవస్థ పనిచేయలేదు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు. అయినా అందులోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. చిన్న విమానంలో మాత్రం ఐదుగురు చనిపోయారు.

మరి ఈ విద్య ఎక్కడ నేర్పుతారు? అమ్మానాన్నలు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఫీజు కట్టించుకునే ఇన్‌స్టిట్యూట్లు ఇంగ్లిషు, నడక, అలంకరణ, ఇంటర్వ్యూ మెలకువలు నేర్పుతాయి. బిడియం పోవడానికి అవి పనికొస్తాయి. కానీ ఆ సర్టిఫికెట్‌తో విమానమెక్కి పనిచేయలేరు. ఎంపిక చేసుకున్నాక విమాన సంస్థ ఇప్పించే శిక్షణే అసలుది. 2023లో వేల మంది సిబ్బందిని తీసుకుంటామన్న ఎయిరిండియా, వాళ్లకు 15 వారాల శిక్షణ ఉంటుందని ప్రకటించింది. ఇంటర్ పాసై, 18 నిండి, ఇంగ్లిషు, హిందీ బాగా మాట్లాడగలిగితే ఏ కోర్సూ చేయకుండానే దరఖాస్తు చేసుకోవచ్చు. వయసు, ఎత్తు నిబంధనలు సంస్థను బట్టి మారతాయి.

'ఉద్యోగం గ్యారంటీ, ముందు డబ్బు కట్టండి' అని ఎవరైనా అంటే వెంటనే వెనుదిరగండి. ఎంపిక కోసం డబ్బులు తీసుకోమని విమాన సంస్థలే హెచ్చరిస్తుంటాయి. శిక్షణ కాలంలో భత్యం ఇస్తారా, బాండ్ రాయాలా అన్నదీ ముందే అడగండి.

ఇంకో మాట. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయినప్పుడు వేల మంది ఉద్యోగాలు పోయాయి. కాబట్టి దూరవిద్యలోనైనా డిగ్రీ పూర్తిచేయడం మంచిది. నల్లగండ్ల నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగు రోడ్డు దగ్గరే. ఏ అర్ధరాత్రో డ్యూటీకి పిలుపొస్తే లేచి వెళ్లగలరా? మీ అమ్మాయిని ముందు అది అడగండి!