లంక ఒక జిల్లాలో, దారి ఇంకో జిల్లాలో

కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలో ఉంది. ఊరోళ్లు బయటికొచ్చే కాజ్‌వే మాత్రం కోనసీమ జిల్లా చాకలిపాలెం దగ్గర. ఎర్రనీరు తగిలిందంటే ముందు మునిగేది అదే. ఇక బడైనా, ఆస్పత్రైనా, కూరగాయల బుట్టైనా పడవ మీదే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు చిన్నవయ్యాయి, పాలన దగ్గరైంది అన్నారు. కానీ వశిష్ఠకి అటో కలెక్టరు, ఇటో కలెక్టరు. ఆ జులైలోనే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వరద జిల్లా మ్యాపు చూసి ఆగిందా?

కోత సంగతి ఇంకా ఘోరం. ఈ ఒడ్డున గ్రోయిన్ కడితే ప్రవాహం ఆ ఒడ్డు మీదకి తిరగొచ్చు. ఒడ్డుకి దగ్గర్లో ఇసుక లోతుగా తవ్వితే గట్టు కింద నుంచి జారిపోద్ది. అంటే ఒక జిల్లాలో చేసిన పనికి పక్క జిల్లా రైతు భూమి పోద్ది. పట్టా కాయితం మిగులుద్ది, కొబ్బరి చెట్టు మిగలదు.

"లంకలు ఖాళీ చేసేయొచ్చుగా" అంటారు కొందరు. వరద తెచ్చిన ఒండ్రు మీదే కదండీ అరటి, కంద, కూరగాయలు పండేది! గట్టు మీద మూడు సెంట్ల స్థలమిస్తే ఇల్లొస్తది, బతుకు రాదు.

కాలవ కింద రైతులకి 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి. ఏటిగట్ల మధ్యనున్న లంకోళ్లకి అలాంటి కుర్చీ ఏదీ? మెకాంగ్ నది కోసం నాలుగు దేశాలు 1995లో ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. మనవి రెండు జిల్లాలు, ఒకటే రాష్ట్రం, ఒకటే భాష. రెండు ఒడ్ల సర్పంచులు, ఇరిగేషన్ ఇంజినీర్లు, కలెక్టర్లు కలిసి ఏటా జూన్‌కి ముందే కూర్చోవాలి. పడవలెన్ని, గ్రోయిన్ ఎక్కడ, ఇసుక ఎక్కడ తియ్యకూడదు, కాజ్‌వే ఎత్తు పెంపు ఎప్పుడు... అన్నీ ఒకే బల్ల మీద తేలాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయి. ఒడ్డుకి కాస్త లోపలగా ఓ గుర్తు పెట్టండి. నెలనెలా అక్కడి నుంచే, తేదీ పడేలా ఫొటో తియ్యండి. ఎన్ని అడుగులు పోయిందో కొలిచి రాయండి. అది పట్టుకుని గ్రామసభకెళ్లండి. రెండు ఒడ్ల ఊళ్లూ ఒకే మాటతో తీర్మానం చేస్తే, "అది మా పరిధి కాదు" అని తప్పుకోవడం ఎవరికైనా కష్టమే.