ఆ ఒక్క మాటా చెప్పేస్తే పోయేదేముంది?

కథని సగంలో వదిలేశారని సీరియల్ వాళ్ళని తిట్టిపోసేవాళ్ళని చాలామందిని చూశాను. నాకు ఆ కోపం అంతగా రాదు. ఒక్క మాటతో విడిపోయే ముడిని ఏళ్ళ తరబడి విప్పకుండా మనల్ని కూర్చోబెడతారే, దానికి వస్తుంది ఒళ్ళుమంట. మొదటిది చాలాసార్లు చూసేవాళ్ళు తగ్గిపోయి జరుగుతుంది. రెండోది తెలిసి తెలిసి చేసేది.

కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే కథలనగానే మనకి 1991లో వచ్చిన 'ఆదిత్య 369' గుర్తొస్తుంది. సింగీతం శ్రీనివాసరావుగారు బాలకృష్ణనీ మోహినినీ ఆ యంత్రమెక్కించి 1526లో కృష్ణదేవరాయల కొలువుకి పంపారు, అటునుంచి 2504కి పంపారు, చివరికి క్షేమంగా ఇల్లు చేర్చారు. సినిమా కదా, రెండున్నర గంటల్లో అందర్నీ ఇంటికి తేకపోతే జనం ఊరుకోరు. టీవీకి ఆ భయం లేదు. అమెరికాలో 1966లో 'టైమ్ టన్నెల్' అని ఒకటి మొదలుపెట్టారు. ఇద్దరు శాస్త్రవేత్తలు కాలంలో చిక్కుకుపోయి వారానికో యుగంలో పడుతుంటారు. ముప్ఫై ఎపిసోడ్లయ్యాక ఆపేశారు. పాపం వాళ్ళిద్దరూ ఇప్పటికీ అక్కడెక్కడో తిరుగుతూనే ఉన్నట్టు లెక్క!

నన్ను పట్టుకున్నది మాత్రం 'క్వాంటమ్ లీప్'. 1989 నుంచి 1993 దాకా వచ్చిన సీరియల్ అది. మా అమ్మాయి సంక్రాంతికి హైదరాబాదు నుంచి పాలకీడు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో పెట్టి, పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ చూపించింది. సామ్ బెకెట్ అనే శాస్త్రవేత్త తన ప్రయోగంలో తనే ఇరుక్కుని, గడిచిపోయిన రోజుల్లో ఎవరెవరి జీవితాల్లోనో పడుతుంటాడు. ఒకసారి ఆఫీసులో సెక్రటరీ అమ్మాయిగా, ఒకసారి నెలలు నిండిన గర్భిణిగా కూడా. (మగవాళ్ళందరికీ ఒక్క వారం ఇలాంటి అవకాశం ఇస్తే బాగుండునని మా వదిన అంది.) అల్ అనే స్నేహితుడొకడే అతనికి కనపడుతూ దారి చెబుతుంటాడు.

ఆ సామ్‌కి ఇంటిదగ్గర డోనా అని భార్య ఉంది. ఆ సంగతి అతనికే గుర్తులేదు. 1991లో వచ్చిన ఎపిసోడ్‌లో కాసేపు ఇల్లు చేరతాడు. ఆమెని చూస్తాడు, అంతా గుర్తొస్తుంది. స్నేహితుణ్ణి కాపాడటానికి మళ్ళీ దూకుతాడు, మళ్ళీ మరిచిపోతాడు. తానున్నానని భర్తకి చెప్పొద్దన్నది ఆ ఇల్లాలే! ఆయన పనికి అడ్డం రాకూడదని. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మన అమ్మలూ అత్తలూ ఎన్నిసార్లు అనలేదు, "ఆయనకి చెప్పకండి, కంగారుపడతారు" అని!

ఇక చివరి ఎపిసోడ్. వియత్నాం యుద్ధంలో బందీ అయిన అల్ చనిపోయాడనుకుని, అతని మొదటి భార్య బెత్ వేరే పెళ్ళి చేసుకుంది. సామ్ వెనక్కి వెళ్ళి, నీ భర్త బతికే ఉన్నాడు, వస్తాడు అని ఆమెకి చెబుతాడు. అంతే, ఆ ఒక్క మాటే. బెత్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదనీ, వాళ్ళకి నలుగురు ఆడపిల్లలనీ తెరమీద అక్షరాలు పడతాయి. ఆ వెంటనే, సామ్ ఎప్పటికీ ఇల్లు చేరలేదని ఇంకో వాక్యం. 2022లో కొత్త మనుషులతో మళ్ళీ మొదలుపెట్టి రెండు సీజన్లు నడిపి 2024లో ఆపేశారు. అప్పుడూ సామ్ రాలేదు.

అతను రాకపోవడం మీద నాకు తగువు లేదు. పోయినవాళ్ళు అందరూ తిరిగొస్తారా? కానీ నిజం చెప్పిన ఇంట్లో నలుగురు పిల్లలు తిరిగారు, దాచిన ఇంట్లో డోనా ఎదురుచూస్తూ ఉండిపోయింది. అంత పెద్ద సీరియల్ రాసినవాళ్ళు ఆమె ఏమైందో చివర్లో ఒక్క వాక్యం రాయలేకపోయారు.

అమెరికావాళ్ళనే అనడమెందుకు? భాగవతం నవమ స్కంధంలో రేవతి లేదూ! కూతురికి తగిన వరుడెవరో అడుగుదామని కకుద్మి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్ళాడు. అక్కడ పాట నడుస్తుంటే అయిపోయేదాకా ఆగాడు. ఈలోపల భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి. తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. తిరిగొచ్చి బలరాముడికిచ్చి పెళ్ళి చేశాడు. ఆ పిల్ల మనసులో ఏముందో అడిగినవాళ్ళు లేరు.

రహస్యాలన్నీ చెడ్డవని అనను. 1997లో దూరదర్శన్‌లో 'శక్తిమాన్' మొదలైనప్పుడు గంగాధరే శక్తిమాన్ అని ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. పక్క బల్ల దగ్గర కూర్చునే విలేఖరి గీతా విశ్వాస్‌కే చాలాకాలం తెలియదు. అదొక సరదా. చూసేవాళ్ళకి నవ్వు, ఎవరి బతుకూ ఆగిపోలేదు.

'కార్తీక దీపం' అలాకాదు. 2017 నుంచి 2023 జనవరి దాకా, రాత్రి ఏడున్నర అయ్యిందంటే మా వీధిలో పలకరించే దిక్కు ఉండేది కాదు. భర్త డాక్టరు. అతనికి పిల్లలు పుట్టరని మోనిత నమ్మించింది. కడుపుతో ఉన్న దీపని అనుమానించాడు. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలే సంగతి ఏళ్ళు నడిచింది! అత్తగారు సౌందర్యని అందరూ మెచ్చుకుంటారు గానీ, కవలల్లో ఒక బిడ్డని తీసుకెళ్ళి కొడుకు చేతిలో పెట్టి, కన్నతల్లికి ఇద్దరు పుట్టిన సంగతే చెప్పకపోవడం మంచితనం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. 2022లో దీప, కార్తీక్ ప్రమాదంలో పోయారన్నారు. పిల్లల్ని ఒక్కసారిగా పెద్దవాళ్ళని చేశారు. కొన్ని నెలలకే ఆ ఇద్దర్నీ బతికించి తెచ్చారు. మన సీరియల్ వాళ్ళకి వేరే కాలయంత్రమెందుకు చెప్పండి?

సీరియల్ కాబట్టి సరిపోయింది. మాకు దూరపు చుట్టాలమ్మాయి ఒకతి ఉంది. పదో తరగతిలో ఉండగా ఫిట్స్ వచ్చాయి. జాన్‌పహాడ్ దర్గాలో మొక్కుకున్నారు, మిర్యాలగూడ తీసుకెళ్ళి డాక్టరుకీ చూపించారు. గోలీలు వేసుకుంటే మూడేళ్ళు మళ్ళీ రాలేదు. కోదాడ వైపు సంబంధం కుదిరింది. "ఇప్పుడు చెప్తే చెడిపోతది, పెళ్ళయినంక చెప్పొచ్చులే" అంది తల్లి. అత్తింట్లో ఎవరైనా చూస్తారన్న భయంతో ఆ పిల్ల గోలీలు మానేసింది. రెండో నెలలో పొయ్యి ముందు పడిపోయింది. చెయ్యి కాలింది.

మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదనే వీలు హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఉండేది. 1999లో సవరించి ఆ మాట తీసేశారు. సరైన మందు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ రాకుండా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. చట్టం మారి పాతికేళ్ళు దాటింది, పెళ్ళిచూపుల మాట మారలేదు. ఆ తల్లినొక్కదాన్నే అనలేను. ముందే చెప్పిన ఇంకో ఇంటికి రెండు సంబంధాలు తప్పిపోయాయి, అదీ ఆమె చూసింది.

ఆ రోజు పెద్ద గొడవే అయింది. మోసం చేశారని మామగారు కేకలేశారు. అత్తగారు మాత్రం కాలిన చేతికి మందు రాస్తూ, "ముందే చెప్తే నేను పొయ్యి దగ్గరికి పోనిస్తనా అమ్మా?" అందట. ఆ అమ్మాయే నాకు చెప్పింది. ఇప్పుడు మూడు నెలలకోసారి అత్తాకోడళ్ళిద్దరూ మిర్యాలగూడ బస్సెక్కుతారు. గోలీల డబ్బా ఫ్రిజ్ మీద ఉంటుంది, ఎవరైనా ఏమిటని అడిగితే ఆ అత్తగారే చెబుతుంది.