మీటరు గేటు లోపలే ఆగితే చాలదు

ఫ్యాక్టరీల వాళ్ళు కొత్తమాట ఒకటి నేర్చారు. 'స్మార్ట్ వాటర్ మేనేజ్‌మెంట్' అంటున్నారు. ప్రతి పైపుకీ మీటరు, ప్రతి ట్యాంకుకీ సెన్సారు, లెక్కంతా కంప్యూటర్లో. నీళ్ళు ఎక్కడ కారిపోతున్నాయో, ఎక్కడ ఎక్కువ వాడుతున్నారో అప్పటికప్పుడే తెలుస్తుందట. నీళ్ళు మిగిలి ఉత్పత్తి పెరుగుతుందట. మంచిదే, మనం కాదనక్కర్లేదు. కాని ఈ లెక్క ఎవరికోసం, ఎక్కడిదాకా అని మనం అడగాలి.

ముందు ఇందులో ఉన్న నిజం చెప్పుకుందాం. బాయిలరు గొట్టాల్లో ఉప్పు పొర పేరుకుంటే వేడి సరిగా ఎక్కదు. అంతే ఆవిరికి ఎక్కువ బొగ్గు తగలెయ్యాలి. ఆవిరి చల్లబడి వేడినీళ్ళయ్యాక వాటిని కాలవలోకి వదిలెయ్యకుండా మళ్ళీ బాయిలరుకే పంపితే నీళ్ళూ ఆదా, బొగ్గూ ఆదా. 2019 ఎండాకాలంలో చెన్నై జనం బిందెలు పట్టుకుని నీళ్ళ లారీల వెంట పరిగెత్తారు. ఆ ఏడాదే అక్కడ కొడుంగయ్యూరులో, కోయంబేడులో నగరం మురుగునీటిని శుద్ధి చేసి ఫ్యాక్టరీలకిచ్చే ప్లాంట్లు మొదలయ్యాయి. ఒక్కోదాని శక్తి రోజుకు 4.5 కోట్ల లీటర్లు. మురుగునీళ్ళతో మిషన్లు నడిస్తే మంచినీళ్ళు మనుషులకు మిగులుతాయి. ఇట్లాంటి తెలివి ఎక్కడున్నా మెచ్చుకోవాల్సిందే.

మరి మన పటాన్‌చెరు సంగతేమిటి? 1970లలో అక్కడ పారిశ్రామికవాడ పెట్టారు. ఫ్యాక్టరీలు వదిలిన నీళ్ళు నక్కవాగులో కలిశాయి, నక్కవాగు మంజీరలో కలిసింది. బావులు చెడిపోయాయి, పొలాలు చెడిపోయాయి. 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కిన కేసు 2001లో హైకోర్టుకు, 2013లో గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారింది. కోర్టులు మారాయి గాని వాగు పక్క జనం బతుకు మారలేదు.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. శుద్ధి చేశామని చెప్పిన నీళ్ళ సంగతి ఇది! యాజమాన్యాలు ఒక్కటి ఆలోచించాలి. వాగులో పోసింది వాళ్ళు అమ్ముకోవాల్సిన సరుకు. ఒక్కో బ్యాచిలో ఎంత మందు నీళ్ళలో కలిసి పోతోందో గేటు లోపలే కొలిచి ఉంటే సరుకూ దక్కేది, వాగూ దక్కేది. నీటి లెక్క తప్పితే ఉత్పత్తి లెక్క కూడా తప్పినట్టే. ఆ నీళ్ళలో చావకుండా బతికిన క్రిములు రేపు మందుకు లొంగవు. అప్పుడు ఖరీదైన మందు కొనలేని కూలోడే ముందు చస్తాడు.

2009లో ఏం చేశారు? 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీళ్ళను అంబర్‌పేట మురుగునీటి ప్లాంటుకు పంపారు. అక్కడినుంచి మూసీలోకి. మంజీర గోడు మూసీకి మళ్ళింది!

బాగా కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు వదిలే నీటిని నిరంతరం కొలిచే మిషన్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. ఆ అంకెలు ప్రజలకు కనపడాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కంప్యూటర్లో పెట్టి చేతులు దులుపుకుంటే వాగు పక్కన గొడ్లు కాసుకునే అమ్మకు ఏం తెలుస్తుంది? ఆ అంకె తెలుగులో పంచాయితీ గోడ మీద కనపడాలి.

ఇంకో సంగతి ఈ స్మార్ట్ మాటల్లో వినపడదు. ట్యాంకులో బురద నిండిందని సెన్సారు చెప్తుంది సరే, ఆ బురద తీసేదెవరు? కాంట్రాక్టరు తెచ్చిన కూలీ తాడు పట్టుకుని దిగుతాడు. చాలాచోట్ల వాడు మన వాడ నుంచి పోయినోడే. లోపల విషవాయువు ఉంటే రెండు నిమిషాల్లో ప్రాణం పోతుంది. సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు గుంతల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించటం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగుకాలవ చావులకు పరిహారం 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మాది మురుగుకాలవ కాదు, ఫ్యాక్టరీ ట్యాంకు అని తప్పించుకునే సందు ఎవరికీ ఉండకూడదు. నీళ్ళు కొలవటానికి లక్షలు పెట్టగలిగినోడికి బురద తోడే మిషను కొనటానికి డబ్బుల్లేవా?

మనం అడిగేది ఎక్కువేం కాదు. వాగులో, ఊరి బోర్లలో కూడా మీటర్లు పెట్టాలి. ఆ మిషన్లు నడిపే పని వాగు పక్క ఊళ్ళ పిల్లలకు నేర్పి ఉద్యోగాలివ్వాలి. ట్యాంకులోకి మనిషిని దించటం పూర్తిగా ఆపాలి. ఫ్యాక్టరీ నీళ్ళు ఆదా చేసిందా లేదా అనేది కంపెనీ రిపోర్టు చూసి నమ్మం. కింది ఊరి బావిలో నీళ్ళు తాగి చూసి నమ్ముతాం.